మాగాయ ఊటా, మొదటి వరస ఇల్లూ

ఒడ్డు పుస్తకం. కొత్త తీరంపేట, మొదటి వరస, ఇంటి నంబరు 14.
సముద్రం ఊళ్లోకి వచ్చిన అరవై మూడో ఏడు.
రాసేది: యాళ్ల సుభాషిణి, ఏడో నంబరు పడవ కండక్టరు.

మే 3
నీటి దూరం: 52 అడుగులు.
ఇంటి కాళ్లు: మూడు బాగున్నాయి. వెనక కుడి కాలు కాస్త దిగింది. మా ఆయన గవర్రాజు "చూద్దాంలే" అన్నారు. పోయిన అక్టోబరు నుంచీ అదే మాట.
గమనిక: ఈ రోజు పడవకి సెలవు పెట్టి మాగాయకి కాయలు చెక్కు తీశాను. నూట ఇరవై కాయలు. మెట్ట తోటల నుంచి తొలి పడవలో వచ్చాయి, ఒక్కోటి నా చెప్పంత ఉంది. కిందటేడు అరవై పెట్టాం. ఈ ఏడు రెట్టింపు పెట్టాలని మా అత్తగారు సూరమ్మ గారు పట్టుబట్టారు. ఎందుకు పట్టుబట్టారో నాకు తెలుసు. కారణం నేనే. ఆ సంగతి ఇదే పుస్తకంలో కిందటేడు మే నెల పేజీల్లో ఉంది, మళ్లీ రాయను.

చెక్కు తీయడం నా పని, ముక్కలు కోయడం మా ఆయన పని, ఉప్పూ పసుపూ కలపడం అత్తగారి పని. ఉప్పు దగ్గరికి ఆవిడ ఎవరినీ రానివ్వరు. ఇంట్లో కొలతలన్నీ ఆవిడవే. పొద్దున్నే గడప నుంచి సముద్రం హద్దు చూపే ఎర్ర గీత దాకా నేను కొలిచే తాడు కూడా ఆవిడ పేనిందే, అడుక్కో ముడి చొప్పున. దానికి తీరరేఖ మండలి వాళ్ల ముద్ర కూడా ఉంది. నలభై అడుగులకు తగ్గితే ఇల్లు విప్పేస్తారు. మాకు పదకొండేళ్లుగా యాభై రెండుకి తగ్గలేదు, ఆవిడ చేతి చలవ.

గమనికల గడిలో ఆ రోజు జరిగింది నిజాయితీగా రాయాలని చట్టం. వరసలో మిగతావాళ్లు "ఏమీ లేదు" అని రాసి ఊరుకుంటారు. నాకు అలా కుదరదు. మనసులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కకపోతే అన్నం సయించదు. పైగా ఈ గడిని ఇంతవరకూ ఏ అధికారీ చదివిన పాపాన పోలేదు.

మే 6
నీటి దూరం: 52 అడుగులు.
ఇంటి కాళ్లు: పైవిధంగానే. "చూద్దాంలే."
గమనిక: మూడు రోజులు ఊరిన ముక్కలు పిండి డాబా మీద ఎండబెట్టాం. పిండిన ఊటని పెద్ద స్టీలు బేసినులో పోసి పక్కనే ఎండలో పెట్టాం. ఇల్లు వెనక్కి వాలి ఉంది కాబట్టి బేసిను కింద ఇటుక పెట్టమని అత్తగారు మూడుసార్లు చెప్పారు. మూడుసార్లూ "సరే అత్తయ్యా" అన్నాను.

ఇటుక పెట్టలేదు. మధ్యాహ్నం ముక్కలు తిరగేయడానికి వెళ్లి, వెనక్కి అడుగేసి, బేసినుని తన్నేశాను. ఊటంతా డాబా తూములోంచి వెనక పెరట్లోకి ధార కట్టింది. నూట ఇరవై కాయల ఊట. పసుపు నీళ్లలో చెప్పులతో సహా నిలబడ్డాను.

కింద నుంచి అత్తగారు "ఏవిటే ఆ చప్పుడు?" అని కేకేశారు. నా నోటి వెంట "కాకి తన్నేసిందత్తయ్యా!" అని వచ్చింది. పిట్టగోడ మీద నిజంగానే ఒక కాకి ఉంది. అది నా వంక చూసింది. నేను దాని వంక చూడలేకపోయాను.

నిజం రాయాలని చట్టం కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. తన్నింది నేనే. ఎవరూ చదవరు కదా.

మే 7
నీటి దూరం: కొలవడానికి లేదు. మేం నీళ్లలోనే ఉన్నాం.
గమనిక: నవ్వులాట కాదు. పొద్దున గీతపీత వచ్చింది. మండలి వారి మరపీత అది, పీట అంత ఉంటుంది. వారానికోసారి ఒడ్డంతా నడిచి, ప్రతి ఇంటి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, మట్టి రుచి చూసి, ఉప్పు ఎందాకా వచ్చిందో అందాకా ఎర్ర గీత గీసుకుంటూ పోతుంది. గీతకి ఇవతల నేల, అవతల సముద్రం. దాని నాలుకే చట్టం.

మా వెనక పెరట్లో తూము కింద మట్టి నాకి అది ఆగిపోయింది. మళ్లీ నాకింది. ఇంత ఉప్పు అది జన్మలో చూసినట్టు లేదు. పాపం, వణికింది. తరవాత తిన్నగా ఒడ్డుకి పోయి, అక్కడి నుంచి పదమూడో నంబరు ఇంటి గోడ పక్కగా పైకి వచ్చి, మా ఇంటి వెనక నుంచి చుట్టు తిరిగి, పదిహేనో నంబరు గోడ పక్కగా మళ్లీ ఒడ్డుకి దిగింది. సముద్రం మా ఇంటి దగ్గర మాత్రం బొజ్జ పెంచినట్టుంది గీత. పదమూడు నేల. పదిహేను నేల. పద్నాలుగు బంగాళాఖాతం.

గీత సరిగ్గా తూము కిందే తిరగడం చూడగానే నాకు సంగతి అర్థమైంది. దొంగకి తేలు కుట్టినట్టు లోపలికి వచ్చి గిన్నెలు తోముకున్నాను.

మే 8
నీటి దూరం: పైవిధంగానే. ఇంకా నీళ్లలోనే.
గమనిక: నోటీసు వచ్చింది. పదిహేను రోజుల్లో ఇల్లు విప్పాలి, నాలుగు కాళ్లూ మండలికి అప్పజెప్పాలి, మమ్మల్ని కొండ మీద గూళ్లలో పెడతారు. ఆ గూళ్లు నేను చూశాను. మంచం వేస్తే తలుపు తెరుచుకోదు, తలుపు తెరిస్తే మంచం పట్టదు. విచారణ అయ్యేదాకా ఎర్ర గీత మీద చుక్క నీళ్లు పోసినా, చీపురు తగిలించినా నేరం. లేకపోతే ఈపాటికి పెరడంతా కడిగేసి ఉందును.

మా ఆయన నోటీసు రెండుసార్లు చదివి "చూద్దాంలే" అన్నారు, కానీ నోటీసు చేతిలోంచి దించలేదు. ఈ ఇంటిని మా మామగారు పాత వీధి నుంచి, సముద్రం తరుముతుంటే, కాళ్ల మర తిప్పి ఏడుసార్లు వెనక్కి తోసుకుంటూ ఇక్కడిదాకా తెచ్చారు. ఇంక తోయడానికి చోటు లేదు. వెనక ఐదడుగుల సందు, ఆ వెంటనే భద్రం గారి గేటు.

పాలెపు భద్రం గారిది రెండో వరస. ఇరవై రెండేళ్లుగా మా వీపు చూస్తూ బతికిన మనిషి. మా ఇల్లు పోతే ఆయనది మొదటి వరస అవుతుంది. ఈ సాయంత్రమే గేటు ముందు ఉయ్యాల బల్ల వేయించాడు, సముద్రం వైపు తిప్పి. ప్రస్తుతానికి అందులో కూర్చుంటే మా స్నానాల గది కిటికీ కనిపిస్తుంది.

"ఏవనుకోకండి సుభాషిణి గారూ, ముందే వేయించేసుకుంటే మేకులు కుదురుకుంటాయని," అన్నాడు.

"కూర్చోండి, కూర్చోండి. సముద్రంలో మునిగినోళ్లకి సిగ్గేంటండీ," అన్నాను.

మే 10
నీటి దూరం: ఇన్స్పెక్టరు గారి లెక్క ప్రకారం సున్నాకి కింద పదహారు అడుగులు.
గమనిక: తీరరేఖ ఇన్స్పెక్టరు జ్ఞానప్రసాదు తనిఖీకి వచ్చాడు. పడవలో వచ్చాడు. సముద్రంలోకి వెళ్లే ఉద్యోగి పడవలోనే వెళ్లాలని, లైఫ్ జాకెట్ వేసుకోవాలని రూలు. మా పెరడు సముద్రం కాబట్టి ఇద్దరు బంట్రోతులు ఆయన్ని పడవతో సహా భుజాల మీద మోసుకొచ్చి తులసికోట పక్కన దించారు. ఆయన దిగలేదు. దిగితే మునిగినట్టు లెక్కట. ఆ బంట్రోతులిద్దరినీ ఏ లెక్కన రాస్తారని అడిగాను. "వాళ్లు ఈత వచ్చినోళ్లండి," అన్నాడు.

అక్కడి నుంచే ఇల్లంతా చూశాడు. కిటికీలోంచి మా మంచం మీద దోమతెర కనిపించింది. ఇప్పుడు వేట నిషేధం నడుస్తోందని, సముద్రంలో ఇంత సన్నకన్నాల వల కట్టడం నేరమని, ఇంకో నోటీసు రాశాడు. గోరుచుట్టు మీద రోకలి పోటు.

భోజనాల వేళయింది. శత్రువైనా ఆ వేళకి గడపలో ఉంటే పెట్టకుండా పంపడం మా అత్తగారికి చేతకాదు. పళ్లెం పడవలోకి అందించారు. "బాబూ, ఈ సముద్రం మా ఇంట్లోకి ఎలా వచ్చిందంటారు? నా కంటికి కనపడదేం?" అన్నారు.

"కంటితో పని లేదండి మామ్మగారూ. పీత చెప్పింది," అన్నాడు ఆయన, పప్పులో నెయ్యి కలుపుకుంటూ.

"అయితే ఆ పీతకే పెట్టాల్సింది భోజనం," అన్నారు ఆవిడ, నెయ్యి గిన్నె వెనక్కి తీసుకుని.

మే 12
నీటి దూరం: అదే.
గమనిక: అత్తగారికీ కాకికీ యుద్ధం. ఊట పారబోసింది కాకే అని ఆవిడ డాబా మీద మకాం పెట్టారు. ముక్కలకి కాపలా, ఒళ్లో రాళ్లు. "బుద్ధి లేదుటే నీకు? మూడుసార్లు చెప్పానే! అబద్ధాలకోరు మొహం నువ్వూనూ! రా, మళ్లీ రా!" అని పొద్దుట నుంచీ దాన్ని తిడుతున్నారు. ఒక్క రాయీ తగల్లేదు. కిందపడ్డ రాళ్లన్నీ నేనే ఏరి మళ్లీ ఆవిడకి అందిస్తున్నాను. కోడలిగా ఇంతకన్నా ఏం చేయను?

ఈ మధ్యలో మండలి ఆఫీసుకి వెళ్లి అడిగాను, గీత మీద అభ్యంతరం ఎలా చెప్పాలని. పందొమ్మిదో నియమం ప్రకారం ఆ ఉప్పు ఎక్కడి నుంచి వచ్చిందో రుజువు చేయాలి. నోటిమాట చెల్లదు. సముద్రం విషయంలో ఒడ్డువాళ్లందరూ అబద్ధాలాడతారని మండలి నమ్మకం. రుజువుకి పనికొచ్చేది ఒక్కటే, ఒడ్డు పుస్తకం. దాన్ని గీత దగ్గర, ఇరుగుపొరుగు సమక్షంలో, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదవాలి. ఒక్క ముక్క వదలకూడదు. పేజీ చించితే ఇంటితో పాటు నన్నూ తీసుకుపోతారు.

రుజువు ఉంది. మే 6వ తేదీ గడిలో, నా చేత్తోనే రాసి ఉంది. దాంతోపాటు పదమూడు నెలలుగా నేను ఎవరి గురించి ఏమనుకున్నానో అంతా ఉంది.

పడవలో తిరిగి వస్తూ ఎవరికీ టికెట్లు కొట్టడం మర్చిపోయాను.

మే 15
నీటి దూరం: అదే.
గమనిక: ఇల్లు కావాలంటే అత్తగారికి అబద్ధం చెప్పానని ఊరందరి ముందూ ఆవిడే వినాలి. అబద్ధం దాగాలంటే ఇల్లు పోవాలి. మూడు రోజులుగా తింటున్నది ఒంటికి పట్టడం లేదు. భయమేస్తోంది, అంతకన్నా సిగ్గేస్తోంది.

విచారణ పద్దెనిమిదిన పెట్టారు. ఇంకో దారి వెతికాను. "అత్తయ్యా, పద్దెనిమిదో తారీకున మీ చెల్లెలి గారింటికి వెళ్లి రాకూడదూ? ఏడో నంబరు పడవలో నేనే దగ్గరుండి ఎక్కిస్తాను," అన్నాను.

"మనింటి మీద విచారణైతే నేను ఊరెళ్తానా? ముందు వరసలో కూర్చుంటాను," అన్నారు. "అయినా పుస్తకంలో ఏవుందే? నీళ్లు ఎన్నడుగులు, కాళ్లు ఎలా ఉన్నాయి, అంతేగా?"

"అంతేనత్తయ్యా," అన్నాను. ఇది ఇంకో అబద్ధం. ఇది కూడా ఇక్కడే రాశాను, ఇది కూడా చదువుతారు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది నా పని.

మా ఆయనకి మాత్రం నిజం చెప్పేశాను. ఈసారి ఆయన చూద్దాంలే అనలేదు. "చదివించెయ్," అన్నారు.

మే 18
నీటి దూరం: అదే. కానీ తీర్పు వచ్చింది.
గమనిక: వరసకి వరసంతా వచ్చింది. పీటలు తెచ్చుకున్నారు, వేరుశెనక్కాయలు తెచ్చుకున్నారు. అత్తగారు పట్టుచీర కట్టుకుని ముందు కూర్చున్నారు. భద్రం గారు ఉయ్యాల బల్ల మీద. జ్ఞానప్రసాదు పడవలో నిలబడి, లైఫ్ జాకెట్ బిగించుకుని, పుస్తకం తెరిచి, పద్దుల లెక్క చదివినట్టు ఒకే గొంతుతో మొదలుపెట్టాడు.

"ఏప్రిల్ 14. గమనిక: ఇన్స్పెక్టరు జ్ఞానప్రసాదు వచ్చాడు. ముఖం చూస్తే ఎండు సావడాయి చేప గుర్తొచ్చింది. సంతకం పెట్టి కాఫీ అడిగాడు. పాలు లేవని చెప్పాను. ఉన్నాయి."

ఆగాడు. పేజీ తిప్పాడు. ఒక్క ముక్క వదలకూడదని రూలు కదా. పాపం, మనిషి నియమాల మనిషే.

"మే 21. గమనిక: ఈ ఏడు మాగాయ ఉప్పు కషాయం. నాలుక మీద పెడితే కళ్ల నీళ్లు వచ్చాయి. సగం జాడీ పడవలో ప్రయాణికులకి పంచిపెట్టాను. మర్నాడు వాళ్లలో సగం మంది ఆరో నంబరు పడవ ఎక్కారు. అత్తగారితో మాత్రం, మీ మాగాయకి ఊరు ఊరంతా పడి చస్తోంది, ఖాళీ అయిపోయింది అని చెప్పాను. ఆవిడ ఆ సంబరంలో వచ్చే ఏడు రెట్టింపు పెడతానంటున్నారు."

జనం నవ్వారు. నేను అత్తగారి వైపు చూడలేదు. చూడకుండానే తెలిసింది, ఆవిడ విసనకర్ర ఆగిపోయింది.

"జూన్ 20. మధ్యాహ్నం తుఫాను కూత వినిపించి సామాన్లన్నీ మూటలు కట్టాం. తీరా చూస్తే భద్రం గారి గురక."

"ఆగస్టు 2. భద్రం గారి విగ్గు గాలికి ఎగిరి ఇసుకలో పడింది. గీతపీత దాన్ని సముద్ర జీవిగా లెక్క రాసుకుంది. నేనే తెచ్చి ఇచ్చాను. ఎవరికీ చెప్పనని ఒట్టేశాను."

భద్రం గారు ఉయ్యాల ఆపి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. వరసంతా ఆ చేతి వంకే చూసింది.

"అక్టోబరు 9. గాలివాన. మా వెనక కుడి కాలు జారితే భద్రం గారు వచ్చి భుజం పెట్టి మూడు గంటలు నిలబడ్డాడు. ఆయన లేకపోతే ఇల్లు ఒరిగిపోయేది. విగ్గు తడిసి ఊడిపోయింది. అది లేకుండానే మనిషి బాగున్నాడు. ఈ మాట ఆయనకి చెప్పకూడదు."

మా ఆయన నా వైపు చూశారు. నేను ఆకాశం వైపు చూశాను. పిట్టగోడ మీద కాకి ఉంది. అదీ వింటోంది.

మధ్యాహ్నం దాటాక ఈ మే నెలకి వచ్చాడు. మూడో తారీకు అయింది. ఆరో తారీకు మొదలుపెట్టాడు. ఇటుక, "సరే అత్తయ్యా" మూడుసార్లు, బేసిను, తూము, పసుపు నీళ్లు. "కాకి తన్నేసిందత్తయ్యా. నిజం రాయాలని చట్టం కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. తన్నింది నేనే. ఎవరూ చదవరు కదా."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అత్తగారు లేచి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, మెల్లిగా మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయారు.

జ్ఞానప్రసాదు చివరి పేజీ దాకా చదివి తీర్పు చెప్పాడు. ఉప్పు మామిడికాయది, సముద్రానిది కాదు. రేపు పెరడంతా నలభై బిందెల మంచినీళ్లతో కడగాలి, పీత మళ్లీ రుచి చూస్తుంది. పుస్తకం నా చేతికిస్తూ, "ఇకమీదట గమనికలు కాస్త క్లుప్తంగా రాయండి," అని, ఒక్క క్షణం ఆగి, "పాలు ఉన్నాయా?" అన్నాడు. కాఫీ ఇచ్చాను. పడవలోకే.

మే 19
నీటి దూరం: 52 అడుగులు.
గమనిక: మాకు వారానికి ఇచ్చేది ఆరు బిందెల మంచినీళ్లు. నలభై ఎక్కడి నుంచి తేవాలా అని నేను తల పట్టుకుని కూర్చుంటే గేటు చప్పుడైంది. భద్రం గారు చెరో చేతిలో బిందెతో వచ్చాడు. విగ్గు లేదు.

"భద్రం గారూ, నా మూలాన మీ సముద్రం పోయిందండీ," అన్నాను.

"పోనీండి. ఇరవై రెండేళ్లు మీ గోడ చూశాను, అలవాటైపోయింది. ఆ గాలివాన సంగతి ఇప్పటిదాకా ఒక్కరూ పైకి అనలేదండి నాతోటి. మా ఆవిడ రాత్రి నా చేత రెండుసార్లు చెప్పించుకుంది," అన్నాడు. "గురక మాత్రం అబద్ధమండి. నేను గురక పెట్టను."

ఆయన వెనకాలే వరసంతా వచ్చింది, ఇంటికో బిందె. గీతపీత వచ్చి తూము కింద మట్టి నాకి, ఇంకోసారి నాకి, నిరాశపడినట్టు నిలబడి, చివరికి పాత చోటే గీత గీసింది.

ఇల్లు దక్కింది. అత్తగారు నాతో మాట్లాడలేదు. పొద్దున డాబా మీద కాకికి నెయ్యి వేసిన ముద్ద పెట్టారు.

మే 21
నీటి దూరం: 52 అడుగులు.
గమనిక: ఇంకా మాట్లాడలేదు. తిట్టినా బాగుండును. ముక్కల్లో కారం, మెంతిపిండి కలిపి, నూనె కాచి పోసి, జాడీకి గుడ్డ కట్టేశారు, నన్ను పిలవకుండానే. ఇరవై ఆరేళ్లలో నేను పక్కన లేకుండా మాగాయ కలిపింది ఇదే. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఏడ్చాను. ఇది క్లుప్తంగానే రాశాను.

మే 22
నీటి దూరం: 52 అని రాయాలి కాబోలు. రాశాను.
గమనిక: రాసేది సూరమ్మ. కోడలు పడవ మీదకి వెళ్లింది. దానికి ఎదురుగా చెప్పడం నాకు రాదు, దానికి వినడం రాదు. ఇందులో రాస్తే చదువుతుంది.

ఏవే, కాకి తన్నిందని నేను నమ్మాననుకున్నావా? మెట్ల మీద పసుపు అడుగులు పడ్డాయి, కింద దాకా. కాకి చెప్పులేసుకుంటుందా? నీ అంతట నువ్వు చెప్తావని చూశాను. ఆ కాకిని తిట్టిన తిట్లు ఎవరికో తెలుసుకుంటావనుకున్నాను. నువ్వేమో రాళ్లు ఏరి చేతికిచ్చావు.

నా కోపం కాకి మీద కాదు. మాగాయ మీద. ఉప్పెక్కువైందని కిందటేడే నా మొహాన చెప్పొచ్చుగా? రెండేళ్లుగా నా నాలిక్కి ఉప్పు తెలవడం లేదే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంత పెద్ద పీత వచ్చి రుచి చూసి చెప్పాల్సొచ్చింది. నాకు తెలవంది నువ్వు కాకపోతే ఎవరు చెప్తారే?

నిజం రాయాలంటున్నారు కనక ఇంకోటి. ఆ తాడుకి ముడికీ ముడికీ మధ్య అడుగు లేదు. జానెడు. పదకొండేళ్ల కిందట, మీ మామగారు కాలం చేసినప్పుడు పేనాను. ఇంక తోసే ఓపిక ఎవరికీ లేదని అలా పేనాను. ఆ జ్ఞానప్రసాదు భోంచేసి, కొలవకుండా ముద్రేశాడు. పుస్తకం ఒకసారి చదివేశారుగా, మళ్లీ ఎవరూ చదవరు.

మే 23
నీటి దూరం: పొద్దున 39 అడుగులు, పడవ నుంచి తెచ్చిన ఇనప కొలబద్దతో. మధ్యాహ్నం 41.
ఇంటి కాళ్లు: నాలుగూ బాగున్నాయి.
గమనిక: నిన్నటి గడి మూడుసార్లు చదివాను. తరవాత వంటింట్లోకి వెళ్లి జాడీ గుడ్డ విప్పి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు.

"ఉప్పెక్కువైందత్తయ్యా," అన్నాను. "చాలా ఎక్కువైంది."

"ఎంత?"

"కళ్ల నీళ్లొస్తున్నాయి."

"అవి ఉప్పుకేనా?" అన్నారు ఆవిడ. పప్పులోకని విడిగా ఉంచిన పది కాయలు ఇంకా ఉన్నాయి, ఉప్పు లేకుండా తురిమి కలిపితే సర్దుకుంటుందని ఇద్దరం అనుకున్నాం. వచ్చే ఏడు నుంచి ఉప్పు చూడటం నా పని, తిట్టడం ఆవిడ పని.

అప్పుడు తాడు సంగతీ, నలభైకి ఒక అడుగు తక్కువున్న సంగతీ మా ఆయనకి చెప్పాం. ఆయన నోరు తెరవబోతుంటే తల్లీ పెళ్లామూ ఒకేసారి చూశాం. గప్‌చుప్‌గా వెళ్లి మరలకి నూనె పెట్టారు. వెనక కుడి కాలు అరగంటలో బాగైపోయింది. ఎనిమిది నెలలు చూసిన కాలు అది.

ఒంటిగంటకి వెనకింట్లో తుఫాను కూత మొదలైంది. భద్రం గారు గురక పెట్టరు కాబట్టి అది ఏమిటో నాకు తెలియదు. ఆ మోతలో మర చప్పుడు ఎవరికీ వినపడలేదు. మా ఆయన మర తిప్పారు, నేను తోశాను, అత్తగారు గోడకి వీపు ఆనించి "హైలెస్సా" అన్నారు. ఇల్లు కిర్రుమని లేచి, రెండడుగులు వెనక్కి నడిచి, కూర్చుంది. అటక మీద ఒక గిన్నె మాత్రం పడింది.

నాలుగింటికి భద్రం గారు నిద్ర లేచి, కాఫీ గ్లాసుతో గేటు దగ్గరికి వచ్చాడు. మా గోడ వైపు చూశాడు. గేటు వైపు చూశాడు. గేటు తెరవబోతే సగమే తెరుచుకుంది.

"ఏంటండీ సూరమ్మ గారూ, మీ ఇల్లు నా గేటు మీదకి వచ్చినట్టుంది?"

అత్తగారు డాబా మీద ఆ పది కాయల తురుము ఎండలో ఆరబెడుతున్నారు. పక్కనే పిట్టగోడ మీద కాకి నెయ్యి ముద్ద తింటోంది. ఆవిడ దాని వంక చూశారు, నా వంక చూశారు, రెప్ప వేయలేదు.

"కాకి తన్నేసింది బాబూ," అన్నారు.